తలనీలాలు

ఎనభైలో కరువు ముదిరితే, మూడు పూటలా కూడు దొరుకుతుందని అమ్మ నన్ను మిషన్ బడి హాస్టల్లో వేసింది. అప్పటికే నాయన జబ్బు నయమైతే నా తలనీలాలు ఇస్తానని కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. నాయన లేచి తిరుగుతున్నాడు గాని, మొక్కు ఇంకా తీర్చలేదు. ఇంత సంగతి హాస్టలు చూసుకునే సిస్టరమ్మకు చెప్పాలని మా ఇంట్లో ఒక్క బుర్రకూ తట్టలేదు.

పేలు పట్టాయని సిస్టరమ్మ నా జడ కత్తిరించేసింది. అప్పటికి గాని నాకు నోరు పెగల్లేదు.

“అది కదిరి స్వామిది సిస్టర్.”

ఆమె కత్తెర కింద పెట్టేసింది.

ఆదివారం దాకా నాకు ముద్ద దిగలేదు. స్వామి నాయనను మళ్లీ మంచాన పడేస్తాడని ఒకటే భయం.

ఆ ఆదివారం నన్ను చూడ్డానికి మా ఊరు చిలమత్తూరు నుంచి వచ్చిన అమ్మ, నా తల చూసి గేటు దగ్గరే కూలబడింది. సిస్టరమ్మ తెల్లగుడ్డ మూట తెచ్చి విప్పింది. అందులో నా జడ, నేల మీద ఏరిన వెంట్రుకలతో సహా ఉంది.

“తప్పు నాదమ్మా. కదిరికి నేనూ వస్తాను. మీ స్వామికి నేనే చెప్పుకుంటాను.”

అమ్మ బెదిరిపోయి ఆమె చేతులు పట్టుకుంది.

“నువ్వు రావద్దు తల్లీ. మా సామికి కోపం జాస్తి. నీకేమన్నా అయితే ఈ పిల్లోళ్లకు కూడెవురు పెడతారు?”