ఇంట్ల మనిషి ఉండంగ

"టార్చి జర సక్కగ పట్టు డోర్కాస్. నా మొఖం మీద కాదు, వైర్ల మీద."

డోర్కాస్ చెయ్యి మార్చి పట్టుకుంది. తెరిచిన కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చుని అప్పటికే చాలాసేపయింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆమె భర్త బ్లెసన్ డాష్‌బోర్డు కింద తల దూర్చి వెల్లకిలా పడుకున్నాడు. బయటికి అతని పొట్ట, రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. చర్చి నుంచి రాగానే చొక్కా విప్పి, కోఠిలో కొన్న స్టీరియో డబ్బా చంకలో పెట్టుకుని, "గంట పని" అంటూ కారులోకి దూరాడు. ఎండ గోడ దిగిపోయింది కానీ ఆ గంట మాత్రం ఇంకా గడవలేదు.

అంత తొందర ఎందుకంటే, సాయంత్రం గృహకూడిక ఈ వారం వాళ్లింట్లో. సంఘంలో వంతుల ప్రకారం ఒక్కో ఆదివారం ఒక్కొక్కరింట్లో కూడుకుంటారు. పాస్టరుగారూ సంఘంవాళ్లూ గేటు దాటేసరికి కారులోంచి క్రీస్తు పాటలు మోగుతూ వాళ్లకు స్వాగతం చెప్పాలని బ్లెసన్ కోరిక. కోరిక మంచిదే, కాదనడానికి లేదు. కానీ సోమవారం పొద్దున్నే డోర్కాస్‌కి అత్తాపూర్‌లో డ్రైవింగ్ టెస్టు ఉంది, అదీ ఇదే కారు మీద. లర్నింగ్ లైసెన్సు గడువు రేపటితో సరి. ఎయిర్‌పోర్టులో శుభ్రం చేసే కాంట్రాక్టు కంపెనీలో ఆమె పని. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. పని మనుషుల్ని కార్గో వైపు నుంచి టెర్మినల్‌కి వ్యానులో తామే తిప్పగలిగిన వాళ్లకే ఆ పోస్టు. ఈ వారంలో లైసెన్సు చూపిస్తే నీదే, లేకపోతే ఇంకొకరికి ఇస్తాం అన్నారు. ఈ సంగతి బ్లెసన్‌కి చెప్పింది. అన్నం వడ్డిస్తూ ఒకసారి, బట్టలు మడతపెడుతూ ఒకసారి, చర్చి మెట్ల మీద ఒకసారి. మూడుసార్లూ "ఊ" అన్నాడు.

"బ్యాటరీ వైరు పీకొద్దా?" అని మెల్లగా అడిగింది. నిన్న డ్యూటీ దిగి వస్తూ బస్టాండు దగ్గర స్టీరియోలు బిగించే మొగులయ్య కొట్టులో కనుక్కుంది. ముందు బ్యాటరీ వైరు తీసి, తర్వాతే డాష్‌బోర్డు ముట్టుకుంటానన్నాడు అతను.

"నువ్వెప్పుడు మెకానిక్ అయినవ్?" అంది డాష్‌బోర్డు కిందనుంచి గొంతు.

వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు మరియమ్మ అందుకుంది. "మొగోడు పనిజేస్తుంటె పక్కన నిలబడి వంకలు పెట్టకే. మొగులయ్యకు పైసలు పొయ్యాల్నా ఏంది, ఇంట్ల మనిషి ఉండంగ?"

ఇంట్ల మనిషి ఉండంగ. ఈ మాట డోర్కాస్‌కి కొత్త కాదు. కడుపుతో ఉన్నప్పుడు బట్టలుతకడానికి ఎవరినైనా పెట్టుకుందామంటే మొదటిసారి విన్నది. జాకెట్లు బయట కుట్టిస్తానన్నప్పుడు విన్నది. అత్తమ్మ మోకాళ్లకు రోజూ వ్యాయామం చేయించే మనిషిని పిలిపించుకోమని దవాఖానలో రాసిచ్చినప్పుడూ విన్నది. ఆ ఇంటి మనిషి ఎవరో ఆ మాటలో ఎప్పుడూ చెప్పరు, చెప్పే అవసరం ఇంతవరకూ రాలేదు. బయటివాళ్లు చేస్తే దానికి కూలి ఉంటుంది, పేరు ఉంటుంది, వాళ్లు పోయేటప్పుడు చాయ్ తాగి పొమ్మంటారు. అదే పని ఆమె చేస్తే అసలు అది పనే కాదు. ఇవాళ మొదటిసారి ఆ ఇంటి మనిషి బ్లెసన్ అయ్యాడు, ఒక్క పూటకి. అయినా చూడండి, టార్చి పట్టింది ఆమె, సీటు కిందికి దొర్లిన స్క్రూ వెతికింది ఆమె, నిమ్మకాయ నీళ్లు తెచ్చింది ఆమె, టేపు ఎక్కడ పెట్టావని తిట్లు తిన్నదీ ఆమే. ఆయన సొంతంగా చేసుకునే ఏ పనికైనా ఆమె రెండు చేతులూ కావాలి. సాయంత్రం పాట మోగితే మాత్రం "నేనే బిగించిన" అంటాడు. ఇంట్లో చూస్తే కూడికకు వచ్చేవాళ్ల కోసం ఉప్మా చెయ్యాలి, చాపలు పరచాలి. పొయ్యి మీద పప్పు ఏమవుతోందో ఆ దేవుడికే తెలియాలి.

డ్రైవింగ్ నేర్పడమూ అంతే. పాండన్న డ్రైవింగ్ స్కూలులో చేరతానంటే వద్దని, తానే నేర్పిస్తానన్నాడు. పాల్మాకుల వైపు ఖాళీ రోడ్డు మీద ఆదివారాలు నేర్పించాడు. "గేరు మార్చుమంటె గరిటె తిప్పినట్టు తిప్పుతవేందే" అని ఒకరోజు నవ్వితే వెనక సీట్లో కూర్చున్న అత్తగారు కూడా నవ్వింది. ఇంకోరోజు బండి ఆగిపోతే, వెనక లారీవాడు హారన్ కొడుతుంటే, నడిరోడ్డు మీద దించేసి తను కూర్చున్నాడు. డోర్కాస్ ఏడవలేదు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ కుడికాలు బ్రేకుకు, ఎడమకాలు క్లచ్చుకు అనుకుంటూ వంటింటి గచ్చు మీద కాళ్లు ఆడించి నేర్చుకుంది. గిన్నెల ముందు నిలబడి గేర్లు మార్చిన మనిషి షంషాబాద్ మొత్తంలో ఆమె ఒక్కతే అయివుంటుంది.

లోపల చిటుక్కుమంది. ఆ వెనకే సన్నటి పొగ, ప్లాస్టిక్ కాలిన వాసన. బ్లెసన్ "అబ్బా" అంటూ చెయ్యి విదిలించుకుని బయటికొచ్చాడు. పాత కారులో వేలాడుతున్న ఎర్ర వైరుకు కొత్త స్టీరియో ఎర్ర వైరు కలిపితే చాలనుకున్నాడు. ఆ తొందరలో విప్పిన ఇంకో వైరు ఇనుప చట్రానికి తగిలింది. తాళం తిప్పాడు. స్టీరియో పలకలేదు. ఇంకోసారి తిప్పాడు. కారు కూడా పలకలేదు.

డోర్కాస్ టార్చి ఆర్పేసింది. పదేపదే తాళం తిప్పుతున్న అతని చేతినే చూస్తూ ఉండిపోయింది.

"నీ చెయ్యి కదిలింది. వెలుగు లేకపోతె నాకేం కనవడ్తది?" అన్నాడు బ్లెసన్.

"నేను ముందే అన్న, పక్కన నిలబడి వంకలు పెట్టకని," అంది మరియమ్మ.

"మరి రేపు నా టెస్టు?" అంది డోర్కాస్.

బ్లెసన్ ఆమె వైపు వింతగా చూశాడు. "రేపా? రేపెట్ల పోతవ్, చూస్తలేవా కారు? మళ్ల కొత్తగ లర్నింగ్ తీసుకుందాం తియ్. ఏం కొంప మునుగుతది?"

"పాండన్న స్కూలు కారు దొరుకుతదేమో. అది తీస్కొని పోత."

"ఇంటి ముంగట కారు పెట్టుకొని ఆని కారెక్కి పోతవా? నలుగురు నవ్వరా? నేను నేర్పిచ్చింది సాలదని సాటింపు జేస్తవా? వద్దు. ఇగ ఆ ముచ్చట బంద్ జెయ్."

ఆమె లోపలికి పోయింది. పప్పు అడుగంటింది. గిన్నె దించి పక్కన పెట్టి, వేడి తగ్గకముందే గీకడం మొదలుపెట్టింది. కావాలని చేశాడా? ఈ ఆలోచన రాగానే తనకే సిగ్గేసింది. కాదు, కావాలని చేయలేదు. కావాలని చెయ్యాలంటే ముందు ఆమె టెస్టు గుర్తుండాలి కదా. ఆ సంగతే ఎక్కువ బాధ పెట్టింది. పగబట్టిన మనిషితో పోట్లాడవచ్చు, మరిచిపోయిన మనిషితో ఏమని పోట్లాడాలి? వారం తిరిగేసరికి పోస్టు ఇంకొకరికి ఇస్తారు. ఆమె మళ్లీ బకెట్టూ కర్రా పట్టుకుని, వ్యాను ఎప్పుడొస్తుందా అని కార్గో గేటు దగ్గర నిలబడుతుంది. మరో ఆర్నెల్లు ఇదే రోడ్డు, ఇవే గరిటె జోకులు. ఫోను తీసుకుని పెరట్లో నీళ్ల ట్యాంకు వెనక్కి పోయింది.

"దొరుకుతది అక్కా, రేపు ఖాళీనే," అన్నాడు పాండు. "పొద్దున వచ్చి మీ గేటు కాడ్నే ఎక్కిచ్చుకుంట. ఇంట్ల చెప్పిన్రా?"

"చెప్త," అంది. ఎలా చెప్పాలో మాత్రం తెలియదు. ఉప్మా కలుపుతున్నంతసేపూ అదే ఆలోచించింది.

దీపాల వేళకి సంఘంవాళ్లు వచ్చారు. కారులో పాట లేదు. "ఫ్యూజు పోయింది, నేనే సరిజేస్త" అని వచ్చినవాళ్లందరికీ బ్లెసన్ చెప్పుకుంటున్నాడు. పాటలయ్యాయి, వాక్యమయింది. పాస్టరుగారు పుస్తకం మూసి, ఎప్పటిలాగే "ప్రార్థన మనవులు ఉంటే చెప్పండి" అన్నారు.

ఆ మనవులు ఎలా ఉంటాయో డోర్కాస్‌కి తెలుసు. ఆడవాళ్లందరూ చెబుతారు, ఎవరూ తమకోసం చెప్పుకోరు. భర్త డ్యూటీ, పిల్లల పరీక్ష, అత్తగారి బీపీ. ఇన్నేళ్లూ ఆమె చెప్పింది కూడా మరియమ్మ మోకాళ్లే. ఇంకొకటి కూడా తెలుసు. నలుగురిలో పెట్టిన మనవిని ఎవరూ మరిచిపోరు. వచ్చే ఆదివారం చర్చి గుమ్మంలోనే "ఏమైందక్కా?" అని అడుగుతారు. దేవుడి ముందు పెట్టినదాన్ని ఇంటి మగవాడు ఆపాడంటే ఆ మాట సంఘమంతా పాకుతుంది. బ్లెసన్‌కి ఆ భయం ఎంతో, ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"అయ్యగారూ," అంది. "నాదొక మనవి ఉన్నది."

"చెప్పమ్మా. అమ్మ మోకాళ్లేనా?"

"కాదయ్యగారూ. నాకోసం. రేపు అత్తాపూర్‌ల నాకు డ్రైవింగ్ టెస్టు. మా కారు ఖరాబయింది. అందుకని పాండన్న స్కూలు కారు మాట్లాడుకున్న, నా జీతం పైసలతోని. పొద్దున్నే పోతున్న. నేను పాస్ కావాలని అందరు ప్రార్థన చెయ్యుండ్రి."

చాప మీద కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్లెసన్ నోరు తెరిచాడు, కానీ అప్పటికే పాస్టరుగారు చేతులెత్తి కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, నీ బిడ్డయైన డోర్కాసమ్మ రేపు వెళ్లుచున్న మార్గములో నీవు తోడుగా నడువుము. ఆమె చేతులకు స్థిరత్వమును, ఆమె మనస్సునకు ధైర్యమును దయచేయుము. ఆమెను విజయముతో ఈ గృహమునకు తీసుకొని రమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్."

"ఆమేన్" అన్నారు అందరూ. అత్తగారు అలవాటుకొద్దీ అందరికన్నా గట్టిగా అని, అన్నాక ఉలిక్కిపడింది. బ్లెసన్ గొంతు ఒక్కటే వినిపించలేదు. పాస్టరుగారు కళ్లు తెరిచి అతని వైపు చూశారు. సంఘమంతా చూసింది. డోర్కాస్ కూడా తల దించుకోకుండా చూసింది.

"ఆమేన్," అన్నాడు బ్లెసన్.