డబ్బా మీద పేరు

చేతులు మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని రత్నమాణిక్యం గ్లౌజులు తొడుక్కుంది. బల్లని స్పిరిటుతో తుడిచింది. వేడిపెట్టె ముప్పై ఏడు డిగ్రీలు చూపిస్తోంది. రాజమండ్రి దానవాయిపేటలో పిల్లలు కలగనివాళ్లు వచ్చే ఆసుపత్రి అది. మగవాళ్లు ఇచ్చిన వీర్యాన్ని శుభ్రం చేసి, బలమైన కణాలను వేరుచేసి డాక్టరమ్మకి అందించడం ఆవిడ పని.

సామర్లకోట పంచదార ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా కూతురు. ఇరవై ఏళ్లకు పైగా రక్తాలూ మూత్రాలూ పరీక్షించి, నలభై దాటాక మద్రాసు వెళ్లి ఈ పని నేర్చుకుంది. ధవళేశ్వరంలో తనతో ఉంటున్న చెల్లెలికి మాత్రం ఇప్పటికీ రక్తపరీక్షలనే చెబుతుంది. పదకొండేళ్లయినా, మైక్రోస్కోపు కింద ఆ తోకలు ఈదుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తుంది. వీటికి దారి ఎవరు చెప్పారా అనుకుంటుంది.

ఆవిడకో నియమం ఉంది. బల్ల మీద ఒకసారికి ఒక్క మనిషి డబ్బాయే ఉండాలి. దాని మీద పేరు ఆ మనిషే చదివి చేతికివ్వాలి.

ఆవేళ డాక్టరమ్మ పిలిస్తే ఐదు నిమిషాలు వార్డుకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయా రత్తమ్మ బయట కూర్చున్న ఇద్దరు మగవాళ్ల డబ్బాలూ తనే తీసుకుని ఒకే ట్రేలో పెట్టేసింది. జిడ్డుగా ఉన్నాయని కుళాయి కింద కడిగింది కూడా. సిరా కరిగి పేర్లు రెండూ నీలి మరకలయ్యాయి.

కుడిపక్కది మండపేట వెంకన్నదేనని రత్తమ్మ ఒట్టేసింది. డాక్టరమ్మ కూడా తొందరపెట్టింది. వెంకన్న భార్య దుర్గకి అండం విడుదలవడానికి మొన్ననే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇవాళ తప్పితే ఈ నెల పోయినట్టే, పైగా ఇది నాలుగోసారి.

"గుర్తుంటే చాలదండి. రేపు పుట్టిన బిడ్డని ఎత్తుకుని ఆయన నాకు దణ్ణం పెడితే, నేను తలెత్తి చూడగలగాలి," అంది మాణిక్యం. రెండు డబ్బాల్లోనూ బ్లీచింగు నీళ్లు పోసేసింది.

రెండో ఆయన ఊళ్లోవాడే, మర్నాడొస్తానన్నాడు. వెంకన్న మెట్ల మీద కూలబడ్డాడు. రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషి, భుజాలు కాయలు కాసి ఉన్నాయి. మళ్లీ ఇవ్వడం ఇంక తనవల్ల కాదన్నాడు. ఆవిడ పక్కనే కూర్చుంది. జరిగింది దాచకుండా చెప్పింది, తప్పు తమదేనంది. దుర్గ మంచం మీద ఎదురుచూస్తోందనిగానీ, టైము అయిపోతోందనిగానీ అనలేదు. టీ తెప్పించి, మిల్లు సంగతులు అడుగుతూ కూర్చుంది.

మధ్యాహ్నం రెండు గంటలకి అతనే లేచాడు.

ఈసారి డబ్బా మీద పేరు తనే పైకి చదివి ఆవిడ చేతికిచ్చాడు. అరగంట వేడిపెట్టెలో ఉంచి, ఒక్క చుక్క గాజుపలక మీద వేసి చూసి, ఆవిడ అతన్ని లోపలికి పిలిచింది. అలా ఎవరినీ ఎప్పుడూ పిలవలేదు.

వెంకన్న ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. పిల్లల్లేరని ఆరేళ్లుగా ఊరంతా అతన్ని ఏమందో ఆవిడకి తెలియదు.

"ఇయ్యన్నీ నావేనా అండీ?"

"మీవే బాబూ. పేరు మీరే చదివారు కదా."

అతను చెప్పులు బయటే విడిచాడో లేదో చూసుకున్నాడు, గుళ్లోకి వచ్చినవాడిలాగ.

ట్యూబులో అడుగున వీర్యం, పైన తేట మందునీళ్లు. ఏటవాలుగా ఉంచితే, సత్తువున్నవి వాటంతటవే పైకి ఈదుకొచ్చాయి. ఆ పై తేటని తీసి, ఆవిడ రెండు చేతులతో డాక్టరమ్మకి అందించింది.

ఆ ఆదివారం పొద్దున్నే అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ రత్నమాణిక్యం పక్కకి ఒరిగిపోయింది. గ్లాసు తీద్దామని వచ్చిన చెల్లెలు నిద్రపోతోందనుకుంది.

డబ్బా ఇచ్చిన పదహారో రోజున దుర్గకి పరీక్షలో కడుపు నిలిచిందని తేలింది. వెంకన్న ఆ మాట ఆవిడకి తనే చెబుదామని ఆవిడ పనిచేసే గది గుమ్మందాకా వచ్చాడు. రత్తమ్మ కళ్లొత్తుకుని ఆవిడ పోయిన సంగతి చెప్పింది. అతను లోపలికి వెళ్లలేదు, అక్కడే నిలబడ్డాడు.

మైక్రోస్కోపు పక్కన ఆవిడ మీట నొక్కుతూ కణాలు లెక్కపెట్టే చిన్న ఇనప యంత్రం ఉంది, బొటనవేలు ఆనేచోట రంగు అరిగిపోయి. దాని మీద ఆవిడ ఆఖరి లెక్కని ఇంకా ఎవరూ సున్నాకి తిప్పలేదు.