వాసన ఉందా?

స్టార్టర్ గిర్రున తిరుగుతోంది. ఇంజను మాత్రం ఉలకదు, పలకదు.

మేస్త్రీ బటన్ వదిలి చేతులు తుడుచుకున్నాడు. రేకుల షెడ్డు కింద, చెక్క వంతెనకు కట్టేసిన పెట్రోలు పడవ అది. ఇంజను పడవ కడుపులోనే, మూత కింద ఉంటుంది. యజమాని సాయంత్రానికల్లా నడవాలన్నాడు. పడవ ఇంజన్లలో మేస్త్రీ చేతికి తిరుగులేదు. ఆయన నోటికి అసలే లేదు.

లేనిది ముక్కు ఒక్కటే. ఎప్పుడో వచ్చిన విషజ్వరం దాన్ని చంపేసి పోయింది. సబ్బయినా మురుగైనా ఆయనకు ఒకటే. పెట్రోలు పడవలో పనిచేసేవాడికి అది చిన్న లోపం కాదు. రోడ్డు మీద పెట్రోలు కారితే గాలికి ఆరిపోతుంది. పడవలో కారితే ఆ ఆవిరి అడుగున పేరుకుని, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చుంటుంది.

అందుకే ప్రతి పనికీ పెళ్లాన్ని వెంటబెట్టుకెళ్తాడు. ఆమె వంగి వాసన చూస్తుంది. ఉందంటే బ్లోయర్ వేసి ఆ గాలంతా బయటికి తోడాలి. లేదంటే పని మొదలు. ఆమెను అడక్కుండా తీగ విప్పి నిప్పురవ్వ చూసిన రోజు ఆయన జన్మలో లేదు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. కాయిల్ నుంచి కరెంటు వస్తోందో లేదో చూడాలంటే ఎవరైనా తీగ కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా పెట్టి చూస్తారు. మేస్త్రీ ఆ కొసను తమ్ముడి చేతికిచ్చి బటన్ నొక్కుతాడు. తమ్ముడు ఎంత ఎత్తు ఎగిరితే కాయిల్ అంత బాగున్నట్టు. ఆ తమ్ముడు పెళ్లీడు దాటినవాడే. అయినా నోట్లో నాలుక లేదు. పట్టుకోమంటే పట్టుకుంటాడు.

"ముక్కు దానిది, చెయ్యి వీడిది, బుర్ర నాది" అని మేస్త్రీ పడవలవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

ఈమధ్య ఆ చేతికి ముప్పొచ్చింది. తమ్ముడికి గుండె లయ తప్పితే, డాక్టరు ఎడమ భుజం కింద చర్మం లోపల చిన్న మిషను పెట్టాడు. షాకు తగిలిందంటే ప్రాణానికే మోసం అని మరీ మరీ చెప్పాడు. అన్నకు తెలిస్తే పనికిరాని చెయ్యి అని గెంటేస్తాడని భయపడి తమ్ముడు వదినకొక్కదానికే చెప్పుకున్నాడు. అప్పట్నుంచీ ఆమె ఏ పడవలోనైనా వాసన ఉందనే అంటోంది. బ్లోయర్ తిరుగుతుండగా మరిదికి ఏదో పని పురమాయించి అవతలికి పంపేస్తోంది. ఒక్కసారి ఆమె లేదంటే చాలు, వాడి పని అయిపోయినట్టే.

ఇవాళ మేస్త్రీ వరసగా చూసుకొచ్చాడు. ముందు పెట్రోలు గొట్టం విప్పాడు. ధార బాగానే వచ్చింది. మళ్లీ బిగించాడు. స్టార్టర్ తిరుగుతోంది కాబట్టి బ్యాటరీకి ఢోకా లేదు. ఇక మిగిలింది నిప్పురవ్వ. కాయిల్ తీగ ఊడదీసి తలెత్తకుండా అడిగాడు.

"వాసన ఉందా?"

ఆమె వంగింది. గొంతు భగ్గుమంది. అడుగున నీళ్ల మీద రంగురంగుల తెట్టు. ఇందాక ఆయన బిగించిన గొట్టం జాయింటు నుంచి పెట్రోలు బొట్లుబొట్లుగా కారుతోంది.

"ఉందండీ. చాలా ఉంది."

మేస్త్రీ నవ్వాడు. మొన్న గట్టు మీద పడేసిన పాత పడవలోకి తాను ఆమెను ఎందుకు దింపాడో అప్పుడు చెప్పాడు. దాని ట్యాంకు ఎప్పుడో తీసేశారు. అందులో చుక్క పెట్రోలు లేదు. అక్కడా ఆమె వాసన ఉందనే అంది.

"నీ ముక్కుకు పరీక్ష పెట్టానే. తప్పావు."

ఈసారి నిజమని ఆమె బతిమాలింది. జాయింటు చూడమంది. ఆయన చూడలేదు. బిగించింది తానేనని, తన చేతిని అనుమానించేంత దానివయ్యావా అని అన్నాడు. తమ్ముణ్ణి రమ్మన్నాడు. వాడు వచ్చాడు.

ఇక దాచి లాభం లేదనుకుంది.

"వాడి గుండెకు మిషను పెట్టారండీ. షాకు తగిలితే చచ్చిపోతాడు."

"తెలుసు" అన్నాడు మేస్త్రీ తాపీగా. "చొక్కా మార్చుకుంటుంటే కుట్లు చూశా. ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెడదామనుకున్నారు. వాడి మిషను గట్టిదో నా కాయిల్ గట్టిదో ఇవాళ తేలిపోతుంది. పట్టుకోరా."

తమ్ముడు చెయ్యి చాపాడు. ఎప్పటిలాగే చాపాడు.

ఆ చెయ్యి చూశాక ఆమెలో ఏదో చల్లబడిపోయింది. మరిది మణికట్టు పట్టుకుని "దిగు" అంది. వాడు అన్న వంక చూశాడు, వదిన వంక చూశాడు. దిగాడు. ఆమె కూడా వంతెన మీదికి దిగింది.

"పోండి" అన్నాడు మేస్త్రీ. "చెయ్యి లేకపోతే ఇనుము లేదా? ఇంటికొచ్చాక చెబుతా మీ సంగతి."

తీగ కొసను ఇంజనుకు దగ్గరగా కట్టాడు. బొటనవేలు బటన్ మీద పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. అడక్కుండా నొక్కడం ఆయనకు చేతకాదు.

"నిజం చెప్పు. వాసన ఉందా?"

"లేదు" అంది ఆమె. "ఇందాక అబద్ధం చెప్పాను."

"అదీ, అలా దారికి రా."

నొక్కాడు. స్టార్టర్ తిరిగింది. ఆమె కళ్లు మూసుకుంది.

ఏమీ కాలేదు. నిప్పురవ్వ రాలేదు. తన జబ్బుతో ఆ ఇంజనే మేస్త్రీని కాపాడుతోంది.

ఆమెకు ఇంకా సమయం ఉంది. నోరు విప్పితే సరిపోయేది. ఆయన టెస్టు లైటు తీసి, తనలో తాను మాట్లాడుకుంటూ వెతుకుతున్నాడు. తాళం నుంచి కరెంటు వస్తోంది. కాయిల్ దాకా వస్తోంది. అక్కణ్ణుంచి ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు పోవడం లేదు. మధ్యనున్న సన్న తీగను పట్టి లాగాడు. అది రబ్బరులా సాగింది. పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది.

"వదినా" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "ఇక్కడిదాకా వాసన వస్తోంది."

"ముక్కు నాది. నువ్వు నడు."

వాడికి అర్థమైంది. ఒక్కసారి పడవ వైపు తిరిగాడు. అరవడానికేమో నోరు తెరిచాడు. చెయ్యి దానంతటదే ఎడమ భుజం కిందికి వెళ్లింది. నోరు మూసుకుని ముందుకు నడిచాడు.

వాళ్లు షెడ్డు దాటుతుండగా వెనకనుంచి మేస్త్రీ గొంతు హుషారుగా వినిపించింది. దొరికిందట. కొత్త తీగ వేశాడట. దద్దమ్మలిద్దరూ వచ్చి చూడాలట.

ఇంజను జబ్బు పట్టుకోవడంలో ఆయన ఎన్నడూ పొరబడలేదు. ఆ రోజు కూడా పొరబడలేదు. షెడ్డు రేకులు కాగితాల్లా లేచిపోయాయి.

సాయంత్రం పడవ యజమాని వచ్చాడు. తలపట్టుకుని కూర్చుని, అంత పెట్రోలు కారుతుంటే వాసనైనా తెలియలేదా అని ఆమెను అడిగాడు.

"తెలిసిందండీ. ఉందని చెప్పాను" అంది ఆమె కళ్లొత్తుకుంటూ. "ఆయన నమ్మలేదు. కావాలంటే మా మరిదిని అడగండి."

మరిది తలూపాడు.