నోటి మీద వేలు

ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టింది టీచరమ్మే. బడిలో చేరిన కొత్తలో అంత వాగుడు మరి. ఇసుక తొట్టి దగ్గర కూర్చుందంటే చాలు, వాళ్ళింటి భాషలో డబ్బాలతో, గరిటెలతో, ఆఖరికి కిటికీ మీద వాలిన ఈగతో కూడా కబుర్లే. టీచరమ్మకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

అర్థం కాకపోవడం ఆవిడకి బొత్తిగా నచ్చదు. చిన్నపిల్లలతోనే జుట్టు నెరిసింది కదా, తనకి తెలియనిదేదైనా కనిపిస్తే అది పిల్లల లోపమే అనుకునే అలవాటు ఎప్పుడబ్బిందో అబ్బింది. పిల్లని తీసుకెళ్ళడానికొచ్చిన తల్లిని ఓ సాయంత్రం గేటు దగ్గర ఆపి, ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి, లేకపోతే వెనకబడిపోతుంది అని ఓ సలహా పారేసింది. ఆ తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టే మనిషి. టీచరు మాటకి ఎదురు చెప్పడం ఎరగదు. తలూపి వెళ్ళింది.

ఆ తర్వాత పిచ్చుక గొంతు వినపడటం మానేసింది. మధ్యాహ్నం మిగతా పిల్లలు చాపల మీద ఆదమరిచి నిద్రపోతుంటే, ఇది మాత్రం కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకునేది. అల్లరి తగ్గిందని టీచరమ్మ మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటేనే ఆవిడకి ఇప్పుడు ఎక్కువ సిగ్గు.

అసలు సంగతి ఓ రోజు గేటు దగ్గర తల్లే సంబరంగా చెప్పింది. "మీరు చెప్పినట్టే చేస్తున్నాం టీచర్. మా అమ్మకి బడి భాష రాదు కదా, అందుకని పాపతో అసలు మాట్లాడొద్దన్నాను. నిద్రపుచ్చేది కూడా ఇప్పుడు నేనే."

టీచరమ్మ ఆ తప్పు ఎవరి మీదికి నెడదామన్నా తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. మర్నాడు బడి వదలగానే, చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళింది.

తలుపు తీసింది అమ్మమ్మ. టీచర్ని గుర్తుపట్టి నోరారా నవ్వింది. ఏదో అనబోయి, గబుక్కున ఆగి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. టీచరమ్మ బడిలో నేర్పినట్టే, నిటారుగా నిలబడి, రెండో చెయ్యి కట్టుకుని మరీ.

"నేనే నేర్పాను," అంది వెనకనుంచి పిచ్చుక, బడి భాషలో, తప్పు లేకుండా. "ఇప్పుడు అమ్మమ్మ చాలా బుద్ధిగా ఉంటోంది."

ఇన్నాళ్ళలో పిల్ల నోట బడి భాషలో ఆవిడ విన్న మొదటి పూర్తి మాట అదే.

కుట్టుమిషను ఆపి తల్లి కంగారుగా లేచి వచ్చింది. "ఇంకా ఏమైనా మానెయ్యాలా టీచర్?"

"లేదమ్మా. నేను చెప్పిందే తప్పు. ఆవిణ్ణి మాట్లాడమనండి."

తల్లి ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. అమ్మమ్మ వేలు తియ్యలేదు. మనవరాలి వంక చూసింది. పిచ్చుక టీచరమ్మ వంక చూసింది. టీచరమ్మకి మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.