లేని జ్వరం

ఆ సినిమాలో చచ్చిపోయిన పిల్ల కూడా ఇట్లాగే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటుంది కదా అనుకుంది జెరూషా, అనుకున్న మరుక్షణం ఇవతలి సీట్లోకి జరిగింది, జరిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, పట్టపగలు, ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరిన బస్సు, వెనక సీట్లో దుబాయి నుంచి వచ్చినాయన ఎవరో ఫోన్లో దిగిన, దిగిన, బస్సెక్కిన అని అరుస్తున్నాడు, ముందు సీట్లో చంటిపిల్ల తల్లి భుజం మీంచి తననే చూస్తోంది, ఇందులో దయ్యమెక్కడిది, అదీగాక దయ్యానికి భయపడే కదా ఇంత చేసింది, ఇంకా భయమేనా, సిగ్గు లేదా, ఒళ్ళో బ్యాగు, బ్యాగులో ఫోను, పొద్దున పేరు చూసుకోకుండా ఎత్తితే ఆ ఫోన్లోనే అనుపమ వాళ్ళమ్మ అమృతమ్మ గొంతు, బిడ్డా, డ్యూటీ దిగినంక జర ఇంటికొచ్చి పో, అనుపమ యూనిఫాం ఇంకో జత ఇంట్లనే ఉన్నది, ఆఫీసోళ్ళు అడుగుతున్నరంట, నువ్వైతే ఇచ్చేస్తవు గదా, అంతే, ఇంకేం అనలేదు, అయినా ఆ గొంతు వినగానే చెకిన్ కౌంటర్ వెనక నిలబడ్డ జెరూషాకు, మేడం నా బోర్డింగ్ పాస్ అని ఎదుటి మనిషి అడుగుతుంటే కూడా వినపడలేదు, ఆమెకు తెలిసిపోయిందేమో, తెలిసే పిలుస్తోందేమో.

తెలిస్తే మాత్రం ఏమంటుంది, నా బిడ్డ చావాల్సింది కాదు, నువ్వు చావాల్సింది అంటుందా, అంటే అననీ, అది నిజమే కదా, కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన రెండేళ్ళకు అనుపమా తనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే బెంచీ మీద కూర్చుని ట్రైనింగు తీసుకున్నారు, అనుపమ ఇల్లు మైలార్‌దేవ్‌పల్లిలో, జెరూషాది రాజేంద్రనగర్, వాళ్ళ బాపు యెహోషువ యూనివర్సిటీ పొలాల్లో పనిచేస్తాడు, ఆ క్వార్టర్లలోనే ఉంటారు, ఒకే డ్యూటీ పడితే ఇద్దర్నీ ఎక్కించుకునేది ఒకటే కంపెనీ క్యాబ్, దాంట్లో వెనక సీటంతా వాళ్ళదే, చెప్పుల దగ్గర్నుంచి పెళ్ళి సంబంధాల దాకా అన్నీ అక్కడే మాట్లాడుకున్నారు, ఒక్క దయ్యాల సినిమాల దగ్గరే ఇద్దరికీ పడేది కాదు, అనుపమకు అవంటే ప్రాణం, ఎక్కడెక్కడి సీడీలో తెచ్చి చూసేది, జపాన్ వాళ్ళలాగ భయపెట్టడం ఎవల్తోని కాదే అనేది, కాంటీన్లో ఇడ్లీ తింటూ తింటూ ఒక జపాన్ సినిమా మొదటి భాగం కథంతా చెప్పింది, ఒక దువ్వెన ఉంటదంట, అది ఎవరి చేతికొస్తే వాళ్ళు చచ్చిపోతారంట, తప్పించుకోవాలంటే ఒకటే దారి, దాన్ని ఇంకొకరికి ఇయ్యాలె, వాళ్ళు ఇష్టంగా తమ చేత్తో తీసుకోవాలె, ఒక పిల్ల అట్లాగే తన దోస్తుకిచ్చి బతికి బయటపడ్డది, ఇగ రెండో భాగంల ఏమైతదో చూద్దాం రా, హిందీల దొరికింది, ఆదివారం మా అమ్మ బాపు మహేశ్వరం పోతున్నరు, ఇంట్ల ఎవలుండరు.

ఆదివారం, చర్చిలో ఆరాధన కాగానే, దోస్తు ఇంటికి పోయొస్త బాపూ అని చెప్పి వెళ్ళింది జెరూషా, సినిమా అని చెప్పలేదు, చెప్తే గవన్నీ సైతాను కథలు బిడ్డా అంటాడని, అదే మొదటి అబద్ధం కాదూ, ఒకటి ఆడితే రెండోది ఎంత సులువు, కిటికీ తెరలు దించి, మరమరాల గిన్నె మధ్యలో పెట్టుకుని, ఇద్దరూ దుప్పటి కప్పుకుని కూర్చున్నారు, రెండో భాగంలో బతికిన పిల్లే కథంతా, దువ్వెన లేదు, శాపం పోయింది, పెళ్ళి కూడా కుదిరింది, కానీ చచ్చిపోయిన దోస్తు ఊరికే వచ్చి ఇంట్లో నిలబడుతుంది, ఏమీ అనదు, మీద పడదు, గొంతు పిసకదు, తలుపు వెనక, అద్దంలో, బస్టాప్‌లో, తడిసిన జుట్టుతో అట్లా చూస్తూ నిలబడుతుంది, అంతే, జెరూషా సగం సినిమా అనుపమ భుజంలో మొహం దాచుకునే చూసింది, అనుపమేమో పకపకా నవ్వుతూ అగో, కండ్లు తెరువే, పోయింది, పోయింది అనేది, తీరా కళ్ళు తెరిస్తే అది తెర మీదే ఉండేది, అరుపులకు పక్కింటి ముసలామె దుర్గవ్వ వచ్చి తలుపు కొట్టింది, ఏమైంది పోరీ అని, ఎంత నవ్వారు ఆ రోజు, అంత నవ్వు మళ్ళీ రాదు, రాకూడదు కూడా.

బస్సు శంషాబాద్ దాటింది, జెరూషా తల వంచుకుని బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉంది, ఇంకాసేపట్లో సాతంరాయి వస్తుంది, ఆ మలుపు వస్తుంది, అప్పుడు తల ఎత్తకూడదు, ఆ ఆదివారం ఇంటికొచ్చాక ఏమైందని, ఏమీ కాలేదు, అద్దంలో చూస్తే భయం, బాత్రూంకు పోవాలంటే చెల్లెల్ని లేపింది, అంతే, కానీ మర్నాడు సాయంత్రం గుర్తొచ్చింది, రేపు తనది పొద్దటి డ్యూటీ, ఇంకా చీకటి ఉండగానే యూనివర్సిటీ గేటు దగ్గర ఒక్కతే నిలబడాలి, ఆ గేటు దగ్గర వేప చెట్లు, వాటి వెనక పొలాలు, క్యాబ్ ఆలస్యమైతే అక్కడే అట్లాగే నిలబడాలి, బాపును తోడు రమ్మంటే ఎందుకంటాడు, ఇన్నాళ్ళు పోలేదా అంటాడు, సినిమా సంగతి బయటపడుతుంది, అందుకని అనుపమకు ఫోన్ చేసింది, గొంతు బొంగురు చేసుకుని, అనూ, జరమొచ్చిందే, ఒళ్ళు కాలిపోతుంది, రేపు నా డ్యూటీ నువ్వు చేస్తవా, ఎల్లుండి నీ సాయంత్రం డ్యూటీ నేను చేస్త, అనుపమ ఒక్క ప్రశ్న అడగలేదు, సరే తియ్యి, గోలీ ఏసుకుని పండుకో అంది, ఇష్టంగా తీసుకుంది, తన చేత్తో తీసుకుంది, సినిమాలో లాగే, ఆ మాట తలలో తిరగని రోజు లేదు, జెరూషా మాత్రం ఆ రాత్రి దుప్పటి నిండా కప్పుకుని హాయిగా నిద్రపోయింది, ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు.

లేపింది ఫోను, ఆఫీసు నుంచి శేఖర్ సార్, జెరూషా నువ్వు ఎక్కడున్నవ్, ఇంట్ల ఉన్నవా, నిజంగ ఇంట్ల ఉన్నవా అని, డ్యూటీ రోస్టర్‌లో తన పేరే ఉంది కాబట్టి ముందు తనే పోయిందనుకున్నారు, సాతంరాయి మలుపులో లైట్లు లేకుండా ఆగి ఉన్న ఇసుక లారీకి క్యాబ్ వెనక నుంచి గుద్దింది, డ్రైవర్‌ను దవాఖానకు తీసుకుపోయారు, అనుపమను తీసుకుపోవాల్సిన పని లేకపోయింది, అది విన్నప్పుడు, ఇదే, ఇదొక్కటే ఎవరికీ చెప్పలేనిది, ప్రార్థనలో కూడా నోటికి రానిది, అది విన్నప్పుడు ఆమె గుండె మొదట అన్న మాట అయ్యో అనూ అని కాదు, నేను అందులో లేను, అని, ఆ తర్వాతే ఏడుపు, ఒక్క శ్వాస తేడా, ఆ ఒక్క శ్వాస ఈ నెల రోజులుగా ఆమెను వదలడం లేదు, ఆఫీసులో అందరూ నీ ఆయుష్షు గట్టిది అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు, బాపు ఆదివారం సంఘమంతా వింటుండగా నా బిడ్డను కాపాడిన తండ్రీ అని కన్నీళ్ళతో స్తోత్రం చెప్పాడు, వెనక వరుసలో జెరూషా చెవులు మూసుకుంది, మరి అనుపమను ఎవరు చూడాలి, వాళ్ళమ్మ ఎవరికి స్తోత్రం చెప్పాలి, అబద్ధమాడినదాన్ని కాపాడి మాట నిలబెట్టుకోవడానికి పోయినదాన్ని, వద్దు, అట్లా అనకూడదు, బస్సు బ్రేకు వేసింది, తల ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది, సాతంరాయి, మలుపు, రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి, ఒకాయన బోండాం కొడుతున్నాడు, గాజుపెంకు ఒక్కటి లేదు, మరక లేదు, ఏమీ లేదు, ఏమైనా ఉంటే బాగుండేది.

ఆరాంఘర్‌లో దిగి ఆటో ఎక్కింది, మైలార్‌దేవ్‌పల్లి సందు మొదట్లోనే దిగిపోయి నడిచింది, అంత్యక్రియల నాడు వచ్చి గుంపులో వెనక నిలబడి వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ ఇప్పుడే ఈ సందులోకి రావడం, దశదినానికి రమ్మంటే డ్యూటీ ఉందని చెప్పింది, అది కూడా అబద్ధమే, అమృతమ్మ రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు, గడపలో అడుగు పెట్టేసరికి అమృతమ్మ కింద కూర్చుని ఎవరిదో పసుపు చీరకు ఫాల్ కుడుతోంది, రా బిడ్డా, కూసో, చాయ్ పెడత అని లేచింది, వద్దమ్మా అన్నా వినలేదు, గోడ మీద ఫోటో, యూనిఫాంలో నవ్వుతున్న అనుపమ, ఐడీ కార్డు కోసం ఇద్దరూ ఒకే రోజు దిగిన ఫోటో, దాని మీద దండ, జెరూషా మంచం మీద దాని వైపు వీపు పెట్టి కూర్చుంది, మళ్ళీ తిరిగి కూర్చుంది, యూనిఫాం ఇస్త్రీ చేసి పేపర్లో చుట్టి కుర్చీ మీద పెట్టి ఉంది, అనుపమ వాళ్ళ బాపు శివయ్య కనిపించకపోతే, బాపు ఏడీ అని అడిగింది, కాటేదాన్‌ల పనికి పోయిండు, ఇంట్ల ఉండలేకపోతుండు అంది అమృతమ్మ, చాయ్ గ్లాసు జెరూషా చేతికిచ్చి మళ్ళీ చీర ముందు కూర్చుంది, గ్లాసు వేడి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు, అమ్మా అంది జెరూషా, అమ్మా, ఆ రోజు నాకు జరం లేకుండె.

ఎరుకే బిడ్డా, అంది అమృతమ్మ, చీర మీంచి తల ఎత్తకుండానే అంది, నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఈడ్నే గోంగూర తెంపుతున్న, అది ఫోన్ పెట్టేసి పడి పడి నవ్వింది, అమ్మా, జెరూ దయ్యానికి భయపడ్డదే, జరమని గొంతు మార్చి మాట్లాడుతుంది, పాపం దాన్ని సినిమాకు కూసోబెట్టింది నేనే కదా, నేనే పోవాలె, కలిసినంక దాన్ని మస్తు ఏడిపిస్త చూడు అన్నది, జెరూషా చేతిలోని చాయ్ ఒలికి వేళ్ళ మీద పడింది, తెలుసు, అనూకు తెలుసు, తెలిసే సరే తియ్యి అంది, మోసపోయి పోలేదు, తెలిసే, నవ్వుతూ, జెరూషా భయాన్ని తను మోయడానికి పోయింది, ఇన్నాళ్ళూ దాచిందంతా ఈ ఇంట్లో ముందు నుంచీ ఉన్నదే, బరువు దిగాలి కదా, దిగలేదు, ఇంకా లోతుకు పోయింది, ఏడుపు తన్నుకొచ్చి అమ్మా నన్ను తిట్టు, ఒక్కసారి తిట్టమ్మా అంటే, అమృతమ్మ సూది చీరకే గుచ్చి పక్కన పెట్టింది, నిన్నేమని తిట్టాలె, అంది, ఆ పొద్దు అది లేవలే బిడ్డా, ఫోన్ల అలారం మోగితే ఆపేసి మల్ల పండుకున్నది, అమ్మా ఇయ్యాల పోను, నిద్రొస్తుంది, ఫోన్ చేసి చెప్త అన్నది, నేనే, నేనే లేపిన, మాటిచ్చినవ్ కదా, పాపం ఆ పిల్ల భయపడుతుంది అని దుప్పటి గుంజిన, స్నానానికి నీళ్ళు కాగబెట్టిన, క్యాబ్ హారన్ కొడితే ఉరుకు ఉరుకు అని బయటికి తోలిన, ఒక్క నిమిషం పండుకోనిస్తే ఏమైతుండె, అనుపమ బాపుకు చెప్పలే, ఆయనకు చెప్తే ఇంక నా మొఖం చూడడు, ఎవలికి చెప్పాలె, నీకు చెప్దామని రెండుసార్లు ఫోన్ కొట్టిన, నువ్వెత్తలే.

నువ్వెత్తలే, అని నిష్ఠూరంగా కూడా అనలేదు, ఊరికే చెప్పింది, ఎండ తగ్గింది అన్నట్టు చెప్పింది, జెరూషా కిందికి దిగి ఆమె పక్కన చాప మీద కూర్చుంది, కాలిన వేళ్ళు మంట పుడుతున్నాయి, నెల రోజులు ఆమె ఒక తప్పు చుట్టూ తిరిగింది, జ్వరం, సినిమా, చేతితో ఇచ్చింది, చేతితో తీసుకుంది, అద్దాలు, మలుపులు, అదంతా తన గురించే, ఎంతసేపూ తన గురించే, ఇక్కడ ఈ చాప మీద ఒక తల్లి నేనే లేపిన, నేనే లేపిన అని ఒక్కతే ఊళ్ళోవాళ్ళ చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చుంది, అనుపమను తెలిసిన మనిషి, అనుపమ గురించి మాట్లాడగల మనిషి, ఆ మాట వినగల ఒకే ఒక్క మనిషి తను, తను ఫోన్ మోగుతుంటే పేరు చూసి తిప్పి పెట్టింది, ఒకసారి కాదు, రెండోసారి కూడా, అది భయపడి చేసిన పని కాదు, ఎవరో నేర్పిన కథ కాదు, దయ్యం లేదు, శాపం లేదు, చీకటి కూడా లేదు, కళ్ళు తెరిచి, పట్టపగలు చేసింది, అనుపమ పోవడంలో జెరూషా తప్పెంతో దేవుడికే తెలుసు, కానీ అనుపమ వాళ్ళమ్మను ఈ నెల రోజులు ఒంటరిగా వదిలేసింది మాత్రం తనే, అది పూర్తిగా తనదే, ఇంకెవరిదీ కాదు, అది నేనే చేసిన అని ఆమె మొదటిసారి స్పష్టంగా అనుకుంది, అమృతమ్మ చేయి పట్టుకుంది, సూదులు గుచ్చుకుని గరుకెక్కిన చేయి, అమ్మా, మొదట్నుంచి చెప్పు, అది పండుకున్న కాడ్నుంచి, నేను వింట అంది.