చప్పిడి కూర పక్కన

రక్తపోటు చూసే పట్టీ విప్పుతూ నర్సు పెదవి విరిచిందంటే అంకె తగ్గలేదనే అర్థం. మొగుడి గురించి ఆ ముక్క వినడానికి లేబులక్క వరసగా మూడో నెల కూడా ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. పక్క కుర్చీలో ఆవిడ భర్త, దర్జీ, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్నెల్ల కిందట ఒక పొద్దున కత్తెర పట్టుకోబోతే ఆ చెయ్యి మాట వినలేదు. ఇప్పుడిప్పుడే కాస్త కదులుతోంది. రక్తపోటు ఇలాగే ఉంటే పక్షవాతం మళ్లీ రావచ్చుననీ, వస్తే ఇక ఆ చెయ్యి మీద ఆశ వదులుకోవాల్సిందేననీ డాక్టరు చెప్పి, ఇంట్లో ఉప్పు మానేశారా లేదా అని గట్టిగా అడిగాడు.

మానేయడమేమిటి, ఉప్పు డబ్బానే ఇంట్లోంచి గెంటేసింది. ఈ ఆర్నెల్లలో కూరలో చిటికెడు వేసిన పాపాన పోలేదు. మరి తగ్గదేం? ఆవిడకు ఒకటే తోచింది. ఈ మనిషి బయట ఎక్కడో దొంగతిండి తింటున్నాడు. ఇంటికొచ్చే దారి పొడవునా అదే పనిగా దెప్పింది. తినలేదని అతను ఒట్టేసినా నమ్మలేదు. ఆ రోజు నుంచి అతను మాట్లాడటం తగ్గించి, పెట్టింది తిని లేచిపోతున్నాడు.

లేబులక్క పనిచేసేది హాట్‌డాగ్ రొట్టెల మధ్య పెట్టే మాంసం కడ్డీలు, అదే సాసేజ్‌లు, తయారుచేసే కర్మాగారంలో. ప్యాకెట్ల మీద లేబుళ్లు అంటించే బల్ల దగ్గర పదకొండేళ్లు నిలబడింది గనక ఆ పేరు వచ్చింది. శనివారం శనివారం కార్మికులకు నాలుగేసి ప్యాకెట్లు ఉచితం. పొద్దస్తమానం నిలబడ్డ కాళ్లతో ఇల్లు చేరే మనిషికి అంతకంటే ఏం కావాలి? మరిగే నీళ్లలో వేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతాయి. చప్పిడి కూర గొంతు దిగక మొగుడు అవస్థ పడుతుంటే చూడలేక, పూటపూటా పక్కన రెండు సాసేజ్‌లు పెట్టేది. అవి నోటికి అంత ఉప్పగా తగలవు. అందుకని ఆవిడకు అనుమానం రాలేదు, తన చేత్తో అంటించే లేబుళ్ల మీది సన్నటి అక్షరాలు ఎప్పుడూ చదవనూ లేదు. మీకైనా నాకైనా వచ్చేదా?

ఆ వారం మాంసం కలిపే మిక్సింగ్ గదిలో ఒకామె జబ్బుపడితే లేబులక్కను అటు పంపారు. అక్కడ పెద్దవాణ్ని అందరూ బాబాయి అంటారు. ఏం ఘోరాలు చూడాల్సి వస్తుందోనని భయపడుతూ వెళ్లింది గానీ, గది అద్దంలా ఉంది. తొట్టిలో కోతలో మిగిలిన మాంసం తునకలు, ఎముకల నుంచి యంత్రం గీకిన ముద్ద, తెల్లటి కొవ్వు, ఐసు, పిండి, చక్కెర, మసాలా పొడి వేస్తున్నారు. బాబాయి ఒక బస్తా చూపించి, ఒక్కో తొట్టికి ఇన్ని డబ్బాలు కొలిచి పొయ్యమన్నాడు. బస్తా మీద ఉప్పు అని బారెడు అక్షరాలు ఉన్నాయి. ఆపైన రంగు నిలవడానికి, చెడిపోకుండా ఉండటానికి నైట్రైట్ అనే మందు కలిపిన గులాబీ రంగు ఉప్పు ఇంకొంచెం. మధ్యాహ్నానికి బస్తా ఖాళీ అయింది. రెండోది విప్పబోతూ ఆవిడ ఆగిపోయింది.

"బాబాయ్, ఒక్కో సాసేజ్‌లోకి ఉప్పు ఎంత పోతుంది?"

"రెండు తింటే రోజు మొత్తానికి తినాల్సిందాంట్లో సగం అయిపోయినట్టేనమ్మా."

"మా ఆయనకి రెండు పూటలా పెడుతున్నాను."

బాబాయి యంత్రం ఆపి, పక్కనున్న పీపా మీద కూలబడ్డాడు. తన వంతు ఉచిత ప్యాకెట్లు ఇంటికి తీసుకెళ్లడం ఆయన ఎప్పుడో మానేశాడు. ప్రతి శనివారం వాటిని అభిమానంగా లేబులక్క సంచిలో వేస్తున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"ఇది విషం కాదమ్మా," అన్నాడు. "ఎప్పుడో సరదాకి ఒకటి తింటే ఏమీ కాదు. కానీ రోజూ తినే తిండి కాదిది. ఉప్పూ కొవ్వూ అలా ఉంచు, ఈ గులాబీ ఉప్పు వేసిన మాంసం ఏళ్ల తరబడి తింటే పేగుకి కూడా మంచిది కాదని డాక్టర్లంటారు. నాకు తెలుసు. తెలిసే నీ సంచిలో వేశాను, పారేయడం దేనికిలే అని. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఆవిడకు కోపం రావాలి. రాలేదు. కోపానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

ఆ సాయంత్రం కంచంలో చప్పిడి కూర ఒక్కటే పెట్టింది. దర్జీ కంచం వైపు చూసి, శిక్ష వేసిందనుకున్నాడు.

"సాసేజ్‌లు కూడా మానిపించావా? నేను బయటేమీ తినలేదంటే నమ్మవేం?"

"తెలుసండీ. మీరేమీ తినలేదు. పెట్టింది నేనే. ఈ ఆర్నెల్లూ ఆ సాసేజ్‌ల్లో ఉన్న ఉప్పంతా నా చేత్తోనే పెట్టాను. పైగా మిమ్మల్నే దొంగని చేశాను."

చెప్పేసి, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. అతను ఆవిడ ఉబ్బిన పాదాలకేసి చూశాడు. పాపం, దీనికి మాత్రం ఎవరు చెప్పారు గనక, అనుకున్నాడు.

"నిమ్మకాయ ఉంటే కాస్త పిండు," అన్నాడు. "దిగుతుందేమో చూద్దాం."

అయ్యలారా, అమ్మలారా, మీరెంత అలసిపోయి ఇల్లు చేరినా సరే, మనవాళ్ల కంచంలో పెడుతున్నదాంట్లో ఏముందో ఒక్కసారి అడగండి. తెలిసినవాళ్లు మాత్రం ఎవరో అడిగేదాకా ఆగకండి.