మైనం మీద పళ్లు

సంగటికి పళ్లెందుకు అన్నాడు మా ఆయన మునిరామయ్య. ముద్ద తుంచి పులుసులో ముంచి మింగేదే కదా, నమిలే పనేముంది అని ఆయన వాదన. నిజమే. ఆ సంగటి కెలికేది మాత్రం నేను. చిగుళ్ల జబ్బుతో నేను పళ్లన్నీ పీకించుకున్నాక పుండ్లు మానేదాకా మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ పొద్దున్నే సంగటి కెలికాను, ఆదివారాలు పొట్టేలు కూర వండాను, ఆయన అడిగినప్పుడల్లా మురుకులు పిండాను. నేను మాత్రం సంగటిలో మజ్జిగ పిసుక్కుని తాగాను. మురుకు కరకరలాడుతోందో లేదో ఆయన్నే అడగాల్సి వచ్చేది. బాగుండాది అనేవాడు, నములుతూనే.

కట్టుడు పళ్లకు కొలతలు తీసుకున్న రోజు చిత్తూరులో మా పళ్ల డాక్టరు మోహన పాత ఫోటో ఒకటి తెమ్మంది. నవ్వుతూ పళ్లు కనపడేదైతే, దాన్ని చూసి అమరుస్తుందట. ఇంటికొచ్చి బీరువాలోంచి ఆల్బమ్‌లన్నీ దించాను. నా పెళ్లి, సీమంతం, మా అమ్మాయి లోహిత పెళ్లి. ముప్పై నాలుగేళ్ల ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నా పళ్లు లేవు. పెదాలు బిగించుకుని ఉన్నాను, లేదంటే చెయ్యి అడ్డం.

నావి ఎత్తుపళ్లు. ముందు రెండింటి మధ్య సందు కూడా ఉండేది. మా అమ్మవీ అంతే, అందుకే పెళ్లిచూపుల రోజు నవ్వొద్దని నా చెవిలో చెప్పింది ఆమే. పెళ్లయిన మూడో రోజు ఎవరో ఏదో అంటే ఆపుకోలేక నవ్వేశాను. మా అత్త శకుంతలమ్మ నా నోట్లోకి చూసి, పదిమందిలో అంది: "ఈ పండ్లుంటే మన ఇంట్లో టెంకాయ తురిమేదానికి తురుముపీట అక్కర్లేదు." అందరితోపాటు నేనూ నవ్వాను, చేత్తో నోరు మూసుకుని. అప్పుడు సిగ్గేసింది. ఇప్పుడు కోపం వస్తోంది, ఆమె మీదకన్నా అలా నవ్వినందుకు నా మీద.

రెండోసారి వెళ్లినప్పుడు, పై దవడా కింది దవడా ఎలా కలుస్తాయో చూడటానికి డాక్టరు నా నోటి నిండా మైనం దిమ్మలు పెట్టింది. నేను మాట్లాడలేని సమయం చూసి మా ఆయన చెప్పేశాడు. ఫోటో దేనికిలే మేడం, ఎత్తు లేకుండా సక్కగా పెట్టేయండి, ఇప్పటికైనా మొకం బాగుపడనీ అని.

ఆ వారమే రాజశ్రీ ఫోన్ చేసింది. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చుని కాయలు తరిగేది. మాటల్లో ఫోటో సంగతి చెబితే, నా దగ్గర ఒకటి ఉండాదే అక్కా అని వెంటనే పంపింది. తరిగే బల్ల దగ్గర నోరంతా తెరిచి నవ్వుతున్నాను. మోచేతుల దాకా గుజ్జు. నోరు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఎత్తుపళ్లు, సందు, అన్నీ ఉన్నాయి. ఆ మనిషి నాకు నచ్చింది.

మూడోసారి మైనం మీద గుచ్చిన పళ్లు నోట్లో పెట్టి, అద్దం చేతికిచ్చింది డాక్టరు. ఏ మార్పయినా ఇవాళే చెప్పాలి, ల్యాబ్‌కు పోయి గట్టిపడితే ఇక కదలవు అంది. మొక్కజొన్న గింజల్లా వరసగా ఉన్నాయి. చక్కగానే ఉన్నాయి, ఎవరివో.

"సరిపోయినాయి మేడం, పంపించేయండి" అన్నాడు మా ఆయన.

డాక్టరు నా వైపే చూస్తోంది. నేను ఫోన్ తీసి ఫోటో ఆమె ముందు పెట్టాను.

"ఇట్ల పెట్టు తల్లీ. ఎత్తుగా. ఆ సందు గూడా ఉండనీ."

"నీకేమన్నా పిచ్చా? ఇన్నేండ్లూ దాసుకున్న పండ్లు గదా అవి" అన్నాడాయన.

"అవును, దాసుకున్నా. ఇంక సాలు."

డాక్టరు నా నోట్లోంచి పళ్లు తీసి, చిన్న కత్తి మంటమీద వేడిచేసి, మైనం కరిగించి, ముందు రెండు పళ్లనూ ముందుకు లాగి, మధ్యలో కాస్త ఎడం చేసి, మళ్లీ నోట్లో పెట్టింది. అద్దంలో చూసుకున్నాను. నవ్వొచ్చింది. ఈసారి చేతులకు గుజ్జేమీ అంటలేదు. అయినా రెండూ ఒళ్లోనే ఉన్నాయి.